నాది తుమ్ము కాదు

పెళ్ళి ఇంక వారం రోజులుందనగా మా అన్నయ్య వచ్చి, ముహూర్తం వేళకి నన్ను అన్నవరం కొండ కిందే ఉండిపొమ్మన్నాడు. కన్నతల్లిని. పైన నా కూతురు పెళ్ళిపీటల మీద కూర్చుని ఉంటే నేను కింద సత్రం గదిలో గోడ చూస్తూ కూర్చోవాలట. నేనేం తప్పు చేశానని? నా ముక్కు చప్పుడు చేస్తుందని. ఆ చప్పుడు తుమ్ములా ఉంటుందని.

నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతకు మించి రాదు. ఎందుకు రాలేదో కూడా చెబుతాను. మెత్తగా రాయొద్దని దానికి ముందే చెప్పాను.

చిన్నప్పుడు మా ఇంట్లోంచి ఎవరైనా పనిమీద బయటికి వెళ్తున్నారంటే ముందు నన్ను పెరట్లోకి పంపేసేవారు. మాది ధవళేశ్వరానికి దిగువన, కాలవ పక్క ఊరు. నాన్న కౌలుకి చేసేవాడు. ఆయన కండువా భుజాన వేసుకుని గడప దాటబోయే సమయానికి నా ముక్కు ముడుచుకునేది, తల కుడివైపుకి విసురుగా తిరిగేది, ముక్కులోంచీ నోట్లోంచీ కలిపి ‘హచ్’ మని వచ్చేది. నాన్న ఆగిపోయేవాడు. ఎవరైనా బయల్దేరుతున్నప్పుడు తుమ్మితే వెళ్ళేవాడు ఆగాలి, కూర్చోవాలి, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ లేవాలి. నాన్న కూర్చునేవాడు, తాగేవాడు, లేచేవాడు. లేచేసరికి మళ్ళీ ‘హచ్’. ఒకరోజు గుమ్మానికీ మంచానికీ మధ్య అలా తిరిగి తిరిగి, చివరికి చెంబు కింద పెట్టేసి, “ఈ పిల్ల పుణ్యమా అని కడుపు నిండా నీళ్ళు తాగేను. ఇంక పొలం దాకా ఎక్కడ ఎళ్ళగలనే, దొడ్లోకే ఎళ్తాను” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వులు ఎన్నాళ్ళో లేవు. ధాన్యం తడిస్తే నా ముక్కు. గేదె చూలు నిలవకపోతే నా ముక్కు. సంబంధం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కాదనిపించుకుని వస్తే నా ముక్కు. పని అయిన రోజు మాత్రం నా ముక్కు ఎవరికీ గుర్తుండేది కాదు.

ఒంటి తుమ్ము చెడు, జంట తుమ్ము మంచిది అనేది మా నాయనమ్మ. అది విని నేనో ఉపాయం పన్నాను. ఒకటి దానంతట అది రాగానే రెండోది నేనే కావాలని కలిపేదాన్ని. నేను కలిపేసరికి మూడోది దానంతట అదే వచ్చేది. మూడు తుమ్ములకి ఏం ఫలమో మా నాయనమ్మకే తెలియదు. కాసేపు ఆలోచించి, “దీన్ని పెరట్లోకి పంపండర్రా” అనేసేది.

ముక్కొక్కటే అయితే అదో దారి. ముందు వచ్చింది కళ్ళు. టపటపా ఆర్పేదాన్ని. అది తగ్గిందనుకుంటే మెడ. మెడ నెమ్మదించిందనుకుంటే భుజం ఎగరేయడం. కొన్నాళ్ళు ఏమీ ఉండేది కాదు, అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టేది, కొబ్బరి తిన్నంతసేపట్లో మళ్ళీ మొదలు. ‘హచ్’ ఒక్కటే ఎప్పటికీ వదల్లేదు. జలుబన్నారు. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్పించారు. కారని ముక్కుకి పొగ పెడితే కళ్ళమ్మట నీళ్ళు కారి నిజంగానే తుమ్ములొచ్చాయి. నిజం తుమ్ము ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదీ దగ్గర నుంచి చూశారు కదా, అయినా నాకొచ్చేది వేరని ఒక్కరికీ తట్టలేదు. తర్వాత ఎవరో చెప్పారని కనుబొమల మధ్య వాత పెట్టించారు. అప్పుడు నన్ను కదలకుండా పట్టుకున్నది మా అమ్మే. ఆ మచ్చ బొట్టు పెట్టుకున్నన్నాళ్ళూ బొట్టు కింద దాగింది. ఇప్పుడు దాగడం లేదు.

బడి సంగతి. మూడో తరగతిలో మాస్టారు బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి నా చప్పుడు. ఆయన తిరిగి చూసినప్పుడు ఊపిరి బిగబట్టి ఆపుకునేదాన్ని. ఆయన అటు తిరగ్గానే వచ్చేది. దోమ కుట్టినచోట గోక్కోకుండా ఎంతసేపు ఉండగలరు? కాసేపు ఉండగలరు. తర్వాత గోక్కోవాలి, గోక్కున్నప్పుడు ఇందాక మానేసినదంతా కలిపి గోక్కోవాలి. నాదీ అంతే. ఆ మాట చెప్పడం అప్పుడు నాకు రాదు. ఆయన బెత్తం పట్టుకుని, “నేను చూసినప్పుడు ఆపేవుగా! మరి ఇప్పుడెందుకు ఆపలేవే? నన్ను ఎక్కిరిస్తున్నావా?” అన్నారు. ఆపగలగడమే నా ప్రాణానికి వచ్చింది. అసలు ఆపలేని దాన్నయితే పాపం రోగిష్టిది అనేవాళ్ళేమో. కాసేపు ఆపగలను కాబట్టి పొగరుబోతుదాన్నయ్యాను. ఆ ఏడే బడి మాన్పించేశారు. మా అన్నయ్యని మాత్రం పదో తరగతి దాకా చదివించారు. అదీ నా చదువు.

పెళ్ళిచూపుల్లో బిగబట్టుకుని కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళగానే గడ్డివాము వెనక్కి పరిగెత్తి మెడ నొప్పి పుట్టేదాకా తీర్చుకున్నాను. పెళ్ళయిన మూడోనాడు మా ఆయన బండి తీయబోతుంటే వచ్చేసింది. నర్సరీ మొక్కలు తోలే వ్యాను ఆయనది. మా అత్తగారు గబగబా చెంబు తెచ్చింది, “కూర్చోరా, నీళ్ళు తాగి ఎళ్ళు.”

“కూర్చోనే అమ్మా. బండి కదిలేటప్పుడు హారను కొట్టద్దూ? అది కొట్టింది. ఎళ్తున్నాను” అన్నాడు.

ఆయన ఉన్నన్నాళ్ళూ నేను హారన్నే. ఒక్కనాడూ వెనక్కి వచ్చి కూర్చోలేదు. ఒక్కనాడూ ఆయనకి ఏమీ కాలేదు. ఆ రోజులన్నీ ఎవరైనా లెక్కేశారా? ఒక్క రోజు లెక్కేశారు.

చలికాలం పొద్దున్నే ఆయిల్‌పామ్ మొక్కలు వేసుకుని జంగారెడ్డిగూడెం వైపు వెళ్ళాడు. మంచు పట్టేసి ఉంది. ఎవడో లారీ రోడ్డు మీదే ఆపేసి, వెనక ఒక లైటు కూడా లేకుండా వదిలేసి, టీ తాగడానికి పోయాడు. మా ఆయన బండి పోయి దానికింద దూరింది. శవం ఇంటికి రాకముందే కారణం ఇంటికి వచ్చేసింది. “తుమ్మి పంపిందర్రా నా కొడుకుని!” అని మా అత్తగారు గుండెలు బాదుకుంది. కొడుకు పోయిన తల్లి, ఆవిణ్ణి ఏమీ అనను. వాకిట్లో నిలబడ్డవాళ్ళు అంతమంది ఉన్నారు కదా, ఆ లారీవాడు ఎవడు, లైటెందుకు వేయలేదు అని ఒక్కడూ అడగలేదేం? అందరూ నావంకే చూశారు. ఏడుస్తుంటే అది ఇంకా ఎక్కువ వస్తుంది. శవం పక్కన కూర్చుని నేను హచ్ హచ్ మంటుంటే పక్కింటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, “ఇంకా తీరలేదు కాబోలు” అంది. మా అన్నయ్య అరుగు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను చూస్తున్నవాడు. నా పక్కన ఒకే కంచంలో తిన్నవాడు. తల వంచుకుని నేల చూశాడు గానీ నోరు తెరవలేదు.

ఆ తర్వాత చంటిదాన్ని తీసుకుని కడియం వచ్చేసి నర్సరీలో పనికి కుదిరాను. మామిడి అంట్లు కట్టే పని. చాకుతో కొమ్మని ఏటవాలుగా కోసి, దానికి సరిపోయే పుల్ల దూర్చి, ప్లాస్టిక్ రిబ్బను బిగించి చుట్టాలి. ఆ పనిలో పడితే నాకు చప్పుడే రాదు. చెయ్యి తొణకదు. ఎందుకో నాకే తెలియదు, రాదంతే. దానికీ మాట పడ్డాను. “అంటు కట్టేటప్పుడు రాదేంటే నీకు? పనికాడ బుద్ధిగా ఉంటావు, అన్నాలకి కూర్చుంటే మా మీదే వస్తుందా?” అని నాతో పనిచేసేవాళ్ళే అనేవారు. యజమాని భార్య కారెక్కేముందు మనిషిని పంపి నన్ను షెడ్డు వెనక్కి వెళ్ళమనేది. మొగుడు పోయినదాన్ని, పైగా తుమ్మేదాన్ని. ఎదురొచ్చినా తప్పే, వెనక నుంచి వినబడినా తప్పే. మరి ఆకాశంలో ఉండాలా?

మా అమ్మాయి నర్సింగు చదివి రాజమండ్రిలో ఆసుపత్రిలో చేరింది. చేరిన ఏడే నన్ను పట్టుపట్టి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ముక్కులో లైటు వేసి చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, “అది వచ్చేముందు లోపల దురదలాంటిది ఏమైనా తెలుస్తుందామ్మా? చేసేశాక కాస్త హాయిగా ఉంటుందా?” అని అడిగారు. నలభై దాటిన మనిషిని. అన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు లేరు. దానికో పేరుందన్నారు, టూరెట్ అని. మెదడులో నరాల సంగతట, చిన్నతనంలోనే మొదలవుతుందట, కొందరికి పెద్దయ్యాక తగ్గుతుందట, కొందరికి తగ్గదట. కాసేపు ఆపుకోగలగడం ఆ జబ్బు లక్షణమేగానీ పొగరు కాదట. పనిలో మనసు పడితే రాకపోవడమూ మామూలేనట. బయటికి వచ్చాక మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, “అమ్మా, ఇప్పుడు మనసు తేలికైందా?” అంది. తేలికా? నాకు మండిపోయింది. పేరున్న జబ్బుకి నా మొహాన వాత పెట్టారు, నా చదువు మాన్పించారు, నా మొగుడి చావు నా నెత్తిన రాశారు. రాజమండ్రి ఎంత దూరం? బస్సెక్కితే వచ్చేది. అన్నేళ్ళూ ఆ బస్సు ఎక్కించినవాడు లేడు.

మందులు వాడాను. నిద్ర ముంచుకొస్తుంటే చాకు పట్టుకోవడం భయమేసి, డాక్టరుగారితో చెప్పే మానేశాను. ఇలాగే ఉంటాను, ఎవరికి నష్టం?

ఇదీ, పెళ్ళికి వారం ముందు మా అన్నయ్య వచ్చేనాటికి ఉన్న సంగతి. కన్యాదానం అన్నయ్య, వదిన చేస్తారని అప్పటికే ఒప్పుకున్నాను. మొగుడు లేనిదాన్ని పీటల మీద కూర్చోనివ్వరని తెలుసు, ఆ పోట్లాట పెట్టుకోలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చుని కళ్ళారా చూస్తే చాలనుకున్నాను. ఆ కుర్చీ కూడా లేదన్నాడు.

“నేను చెప్పేది నెమ్మదిగా విను అమ్మాయ్. ఇది నా మాట కాదు. మగపెళ్ళివారి మాట.”

“ఏంటి వాళ్ళ మాట?”

“ముహూర్తం టైముకి నువ్వు కింద సత్రంలో ఉంటే మంచిదని. అయిపోగానే పైకి వచ్చేద్దువు గాని. ఎంతసేపు, ఓ గంట.”

“ఆ గంటసేపూ నేను దాని తల్లిని కాదా?”

“అదిగో, ఆ గొంతే వద్దంటున్నా. జీలకర్ర బెల్లం పెట్టే టైముకి నువ్వు హచ్చుమన్నావనుకో, ఏమనుకుంటారు? బావ సంగతి అందరికీ తెలిసిందే కదా.”

“అంటే మేళంవాళ్ళు లేరా? గట్టిమేళం ఎందుకు పెట్టేరంట పెద్దాళ్ళు? ఆ టైములో ఎవడో తుమ్ముతాడనీ, ఎవత్తో ఏడుస్తుందనీ, ఆ చప్పుడు పెళ్ళివాళ్ళ చెవిన పడకూడదనే కదా!”

“అది తెలియక తుమ్మేవాళ్ళ కోసమే. నీలాగా ముందే తెలిసినదాని కోసం కాదు” అన్నాడు మహా తెలివిగా.

మర్నాడు అమ్మాయికి చెప్పకుండా ఆటో ఎక్కి ధవళేశ్వరం వెళ్ళాను. పెళ్ళికొడుకువాళ్ళ ఇల్లు అక్కడే. వియ్యంకుడుగారు కాలవల ఆఫీసులో చేసి రిటైరయ్యారు. నేను వెళ్ళేసరికి ఆయన చేతిసంచీ పట్టుకుని చెప్పులు వేసుకుంటున్నారు, వియ్యపురాలు వసారాలో తలంబ్రాల బియ్యం చెరుగుతోంది. “రండి రండి వదినగారూ, కబురైనా లేకుండా వచ్చేరేంటండీ” అంటూనే ఉంది, గుమ్మంలోనే నాకు వచ్చేసింది. ‘హచ్’. వియ్యంకుడుగారు ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట పెట్టి అలాగే ఆగిపోయారు.

“ఎళ్ళండి మీరు. ఆవిడది తుమ్ము కాదు, కోడలుపిల్ల చెప్పింది కదా మనకి” అంది ఆవిడ.

“నాకు తెలుసే. నా కాళ్ళకి తెలియద్దూ?” అని ఆయన చెప్పు విప్పేసి కుర్చీలో కూర్చున్నారు. ఆ పరిస్థితిలోనూ నాకు నవ్వొచ్చింది. కానీ నేను వచ్చిన పని నవ్వే పని కాదు. నిలబడే అడిగేశాను.

“నన్ను ముహూర్తానికి రావద్దన్నారట కదండీ మీరు.”

ఆవిడ చేట కింద పెట్టేసింది. “మేమా? ఎవరండీ అన్నది? మీ అన్నయ్యగారే ఫోను చేసి, మా చెల్లెలు రానంటోంది, దానికి పట్టింపులెక్కువ, మీరు బలవంతం చెయ్యకండి అన్నారండీ. అయ్యో, అలాగా అనుకున్నాం మేము.”

వాళ్ళ పేరు చెప్పి నన్ను ఆపాడు. నా పేరు చెప్పి వాళ్ళ నోరు మూయించాడు. ఇద్దరి మధ్యా తను మంచివాడైపోయాడు.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి, “మీతో అబద్ధమెందుకండీ, నాకూ భయముంది. అలా పెరిగేం మరి. కానీ కన్నతల్లిని సత్రంలో కూర్చోబెట్టి చేసిన పెళ్ళంటే నాకు అంతకన్నా భయమండీ. రండి మీరు” అంది. ఆ మాటకి నేను మెత్తబడాలేమో. మెత్తబడలేదు. నా మీద భయం, నన్ను తోసేయాలంటే భయం, ఎటు తిరిగినా నేను భయమేనా వీళ్ళకి? అయినా నిజం చెప్పినందుకు దండం పెట్టి వచ్చేశాను.

ఆటో తిన్నగా అన్నయ్య ఇంటికి తోలించాను. వదిన ఎదురుగానే అన్నయ్యని అడిగేశాను. దాచలేదు. కుర్చీలో కూలబడి, “నీ మంచికే చేసేనే. రేపు పిల్లల కాపురంలో ఏ చిన్నది జరిగినా మళ్ళీ నిన్నే అంటారు. బావ పోయినప్పుడు అన్నట్టు. అది మళ్ళీ చూడలేను నేను” అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

“చూడలేకపోతే చూడకు. నోరు తెరువు. అప్పుడు అంతమందీ అంటుంటే స్తంభం పట్టుకుని నిలబడ్డావు. నీకు తెలియదా అది తుమ్ము కాదని? పక్క మీద పడుకున్నప్పుడు కూడా వచ్చేది నాకు. పక్క మీదనుంచి ఎవడే ప్రయాణం కడుతున్నాడు అని నువ్వే ఎక్కిరించేవాడివి కదా! నేను వస్తున్నాను పెళ్ళికి. మొదటి వరసలో కూర్చుంటాను. నీ ఇష్టం వచ్చినట్టు భయపడు.”

వెళ్ళాను. మొదటి వరసలోనే కూర్చున్నాను. పక్క కుర్చీ ఎవరూ తీసుకోలేదు, నా సంచీ పెట్టుకున్నాను. పీటల మీద అన్నయ్య, వదిన. మధ్యలో తెర. తెర కింద నా కూతురి పారాణి కాళ్ళు కనబడుతున్నాయి. ఆపుకోకూడదనే అనుకుని వచ్చాను, కానీ ఎన్నేళ్ళ అలవాటది? ఆపుకుంటూనే ఉన్నాను. పక్కటెముకలు పట్టేశాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. చూసినవాళ్ళు కూతుర్ని పంపించే దుఃఖం అనుకుని ఉంటారు. ఒకావిడ మంచినీళ్ళ సీసా కూడా ఇచ్చింది.

పంతులుగారు చెయ్యెత్తారు. జీలకర్ర బెల్లం తల మీద పడింది, తెర దిగింది, సన్నాయీ డోళ్ళూ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. అప్పుడు వదిలేశాను. ముక్కు, మెడ, భుజం, అన్నీ వాటి ఇష్టానికి వదిలేశాను. ఎవరి చెవినా పడలేదు. నా కూతురు తలెత్తి పెళ్ళికొడుకు మొహం చూసింది, తర్వాత పక్కకి తిరిగి నన్ను చూసింది. నన్ను, అలా ఊగిపోతుండగానే. నవ్వింది.

మేళం ఆగింది. నాది ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో ఒకటి వచ్చి మండపం అంతా వినబడింది.

తలలన్నీ తిరిగాయి. వెనక ఎవరో “అయ్యయ్యో” అన్నారు. పంతులుగారి చేతిలో ఉద్ధరిణి ఆగిపోయింది. వియ్యంకుడుగారు లేవబోతూ ఉన్నవారు మళ్ళీ కూర్చున్నారు. అందరూ నన్ను వదిలేసి మా అన్నయ్యవంక చూశారు, పెద్దవాడు కదా అని. అన్నయ్య నేల చూడబోయాడు. నేను అతని మొహంలోకే చూస్తున్నాను. చూపు తిప్పలేదు.

“కంగారుపడకండి” అన్నాడు. వెనకవాళ్ళకి వినబడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు, “మా చెల్లెలికి నరాల జబ్బండి. చిన్నప్పట్నుంచీ ఉంది. దానికీ దీనికీ ఏ సంబంధం లేదు. కానివ్వండి పంతులుగారూ.”

పంతులుగారు తల ఊపి తర్వాతి మంత్రం అందుకున్నారు. తలలు వెనక్కి తిరిగాయి. వెనక ఎవరో ఎవరికో టిఫిన్లు బాగున్నాయని చెబుతున్నారు. అయిపోయింది, అంతే.

అన్నయ్య నావంక చూసి కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకుంటాననుకున్నాడేమో. నాకు ఒళ్ళు మండింది. మాట ఇంత చిన్నదా! నా మొగుడి శవం దగ్గర ఈ నాలుగు ముక్కలూ అని ఉంటే ఆ వాకిట్లో తలలు కూడా ఇలాగే వెనక్కి తిరిగేవి కదా. బడిలో మాస్టారితో అని ఉంటే ఈ కాగితం నేనే రాసుకునేదాన్ని. అందరూ లేచి అక్షింతలు వేస్తున్నారు. విధవరాలు వేయొచ్చా అని నేనెవర్నీ అడగలేదు. ఆ మంటతోనే లేచి వెళ్ళి, పళ్ళెంలోంచి దోసెడు తీసుకుని, నా కూతురి తలమీద పోశాను.